కొనడానికి ముందు ఒక కొలత

సెప్టెంబరు మాసం భిలాయి నగరానికి రెండు పండుగలను తీసుకువస్తుంది. మొదటిది పాతది. 17వ తేదీన జరిగే విశ్వకర్మ పూజ. ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని బ్రతికే ఈ ఊళ్ళో ఆనాడు యంత్రాలకూ, పనిముట్లకూ బొట్టు పెట్టి, పూలదండలు వేసి, కొబ్బరికాయ కొట్టి ప్రసాదం పంచుతారు. రెండవ పండుగ ఇటీవలిది. పంచాంగంలో దానికి తిథి లేదు. అమెరికాలోని ఆపిల్ సంస్థ ఏటా తన కొత్త ఐఫోనును లోకానికి చూపే వేడుక అది. 2025లో ఈ రెండూ ఒకే వారంలో వచ్చాయి. 17న పూజ, 19న ఐఫోన్ 17 అమ్మకాల ప్రారంభం. చేతిలో ఉన్న పనిముట్టుకు నమస్కరించమని మొదటి పండుగ చెబుతుంది. దాన్ని పక్కన పెట్టి మరొకటి తెచ్చుకోమని రెండవది చెబుతుంది. ఈ రెండు ఉపదేశాల నడుమ నిలబడి, ఏది వినాలో తేల్చుకోలేక తికమకపడే గృహస్థులు నేడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

ఈ సమస్య చూడడానికి చిన్నది. కాని దాని వెనుక ఉన్న సొమ్ము చిన్నది కాదు. 256 గిగాబైట్ల నిల్వగల ఐఫోన్ 17 ధర మన దేశంలో 82,900 రూపాయలుగా ప్రకటించారు. అదే సంవత్సరం జనవరిలో వెలువడిన సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ 25 ధర 80,999 రూపాయలతో మొదలయింది. 1995 జూలై 31న నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుంచి ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడి మన దేశంలో సెల్‌ఫోనుకు శ్రీకారం చుట్టినప్పుడు, అది సంపన్నుల చేతి ఆభరణం. ముప్పయ్యేళ్ళు గడిచేసరికి అది గ్యాసు పొయ్యివలె, చేతి గడియారంవలె ఇంటి వస్తువయింది. పాలవాడికి డబ్బు చెల్లించేది దానితోనే. రైలు టిక్కెట్టు తీసుకునేదీ, పింఛనుదారు తాను సజీవంగా ఉన్నానని ఋజువు చేసుకునేదీ దానితోనే. కాబట్టి ఫోను కొనడం విలాసమని కొట్టిపారేయడానికి వీలులేదు. అవసరమని కళ్ళు మూసుకొని కొనడానికీ వీలులేదు. తూచి చూడవలసిందే. ఐతే తూకం వేయవలసినది దేనిని అన్నదే అసలు ప్రశ్న.

భిలాయి ప్రజలకు తూకం కొత్త కాదు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు ఇక్కడ ఉక్కు కర్మాగారం వెలిసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. దల్లీ రాజహరా గనుల ఇనుప రాయి ఇక్కడ కరగి, రైలు పట్టాలై దేశమంతటా పరచుకుంది. ఆ రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి ఎందరో తెలుగువారు బ్రతుకుతెరువుకై ఇక్కడికి వచ్చి చేరారు. వారి పిల్లలు సెక్టర్లలోని క్వార్టర్లలో పెరిగి, బడిలో హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడి, మళ్ళీ అదే కర్మాగారంలో ఉద్యోగాలు సంపాదించుకున్నారు.

అటువంటి కుటుంబం ఒకటి రిసాలిలో ఉన్నది. ఇంటి యజమాని రైలు పట్టాల మిల్లులో దాదాపు నాలుగు దశాబ్దాలు పనిచేసి, అరవయ్యో ఏట 2019లో విశ్రాంతి తీసుకున్నాడు. ఉద్యోగంలో చివరి సంవత్సరాలు పట్టాల తనిఖీ విభాగంలో గడిచాయి. భార్య ఇల్లాలు. ఒక్కగానొక్క కుమార్తె భర్తతో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో స్థిరపడింది. వారికి ఐదేళ్ళ కొడుకు. ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు రిసాలిలో కాఫీ గ్లాసులు బల్లమీదికి వచ్చేవేళకు అక్కడ శనివారం రాత్రి అవుతుంది. నిద్రకు ముందు ఆ పిల్లవాడు తాతతో మాట్లాడాలి. ఆ ఇంటికి వారంలో ముఖ్యమైన అరగంట అదే.

మాట్లాడే సాధనం ఐఫోన్ 11. కుమార్తె 2019లో తనకోసం కొనుక్కుని, నాలుగేళ్ళు వాడి, స్వదేశానికి వచ్చినప్పుడు తండ్రి చేతిలో పెట్టి వెళ్ళింది. కొంతకాలంగా దానిమీద ఆయనకు రెండు ఫిర్యాదులు. మధ్యాహ్నానికే ఛార్జింగు అయిపోతున్నది. అంతకంటె ముఖ్యమైనది, మనుమడి మాట స్పష్టంగా వినిపించడం లేదు. "శబ్దం వస్తున్నదే గాని మాట తెలియడం లేదమ్మా" అని ఆయన కుమార్తెతో చెప్పేవాడు. "ఆరేళ్ళనాటి ఫోను నాన్నా, ఇంకెన్నాళ్ళు? కొత్తది వచ్చింది, తీసుకోండి. డబ్బు నేను పంపుతాను" అని ఆమె సమాధానం. కూతురి సొమ్ము ముట్టడం ఆయనకు ఇష్టం లేదు. ధనతేరస్ నాటికి తానే కొనాలని నిశ్చయించుకొని, తనిఖీ విభాగపు అలవాటు చొప్పున ఒక నోటుపుస్తకంలో లెక్క మొదలుపెట్టాడు.

ఆ లెక్క ఎవరికైనా పనికివచ్చేదే. భవిష్యనిధి పింఛను పథకం సూత్రం ప్రకారం 15,000 రూపాయల వేతన పరిమితిమీద ముప్పయ్యైదేళ్ళ సర్వీసుకు వచ్చే పింఛను నెలకు 7,500 రూపాయలు. ఆయనకు అందేది అంతకూ తక్కువే. అంటే కొత్త ఫోను ధర పదకొండు నెలల పింఛనుకు పైమాట. దాచుకున్న సొమ్ము లేకపోలేదు; కాని దాచుకున్నది దేనికో కూడ గుర్తుంచుకోవాలి గదా! ధరలో 18 శాతం వస్తుసేవల పన్ను కలిసి ఉన్నది. 2025 సెప్టెంబరు 22నుంచి చాలా వస్తువులమీద ఆ పన్ను తగ్గించారు గాని, ఫోనులకు తగ్గింపు దక్కలేదు. 82,900లో సుమారు 12,646 రూపాయలు పన్నే.

దుకాణదారుడు ఇరవైనాలుగు నెలల వాయిదాల పద్ధతి చెప్పాడు. నెలకు 3,454 రూపాయలు, వడ్డీ లేదు. ఆ సున్నా వడ్డీ మాట ఆయన నమ్మలేదు. నమ్మకపోవడమే సబబు. సున్నా వడ్డీ అన్నది నిజానికి లేనేలేదని, వడ్డీని మరొక రూపంలో కొనుగోలుదారునుంచే రాబడుతున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను హెచ్చరించింది. రొక్కం ఇచ్చేవాడికి రావలసిన తగ్గింపు వాయిదాలవాడికి దక్కకపోతే, ఆ తేడాయే వడ్డీ.

తరువాత ఆయన ధరను రోజులతో భాగించి చూశాడు. రెండేళ్ళు వాడి పారవేస్తే రోజుకు 113 రూపాయల పైన. మూడేళ్ళయితే 76 రూపాయలు. ఆరేళ్ళు వాడితే 38 రూపాయలు. ఈ చిన్న భాగహారంలో పెద్ద సత్యం ఉన్నది. ఫోను ఖరీదును నిర్ణయించేది తయారుచేసినవాడు ఒక్కడే కాదు. ఎన్నాళ్ళు వాడాలో నిర్ణయించుకునే మనిషి కూడ. ఎక్కువకాలం మన్నే ఖరీదైన ఫోను కంటె, రెండేళ్ళకే మూలపడే చవక ఫోను ఒక్కొక్కప్పుడు ఎక్కువ ఖర్చు తెస్తుంది. ఆ మన్నికకు ముఖ్యమైన ఆధారం భద్రతా మార్పులు ఎన్నాళ్ళు అందుతాయన్నది. 2023లో గూగుల్ తన పిక్సెల్ 8కు, 2024 జనవరిలో సామ్‌సంగ్ తన గెలాక్సీ ఎస్ 24కు ఏడేళ్ళపాటు ఈ మార్పులు అందిస్తామని ప్రకటించాయి. 2025 సెప్టెంబరులో ఆపిల్ విడుదల చేసిన ఐఓఎస్ 26 ఐఫోన్ 11కు కూడ వర్తించింది. దానికి ముందటి ఏడాది వచ్చిన ఫోనులకు మాత్రం వర్తించలేదు. రిసాలిలోని ఫోను గీతకు ఇవతలనే ఉన్నది.

ఇక కొత్త ఫోను గొప్పతనాల సంగతి. దాని తెర వెనుకటికంటె నునుపుగా కదులుతుంది, కెమెరా మెరుగైనది, నిల్వ రెట్టింపు. ఇవన్నీ నిజమే. పరభాషీయుడు మాట్లాడుతుంటే చెవిలో మన భాషలోకి మార్చి వినిపించే సదుపాయాన్ని కూడ ఆ వేడుకలో ఘనంగా చూపారు. ఐతే అది ఆరంభంలో ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, పోర్చుగీసు, స్పానిష్ భాషలకే పరిమితమయింది. తెలుగులో ఊసులాడే తాతామనుమలకు దానితో పనిలేదు. పట్టికలో పదహారు కొత్త సుగుణాలుంటే, తన రోజువారీ జీవితంలో అక్కరకు వచ్చేవి ఎన్నో వేళ్ళమీద లెక్కించుకోవడం కొనేవాడి విధి.

మధ్యాహ్నానికే ఛార్జింగు అయిపోవడం మాట ఏమిటి? ఇది ఫోను ముసలితనం కాదు, బ్యాటరీ ముసలితనం. లిథియం అయాన్ బ్యాటరీ నిండడం, ఖాళీ కావడం అనే ఆవృత్తులు పెరిగినకొద్దీ శక్తి తరుగుతుంది. ఐదువందల పూర్తి ఆవృత్తుల తరువాత 80 శాతం శక్తి నిలిచేలా ఐఫోన్ 11వంటి ఫోనులను రూపొందించారు. వేడి దానికి మరొక శత్రువు. ఐఫోనులను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడాలని తయారీదారు సలహా. భిలాయిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటడం సర్వసామాన్యం. కిటికీ పక్కన ఎండలో పెట్టి ఛార్జింగు చేసిన ప్రతిసారీ బ్యాటరీ ఆయుష్షు కొంత తరిగిపోతుంది.

ఈ సందర్భంలో ఒక చరిత్ర జ్ఞాపకం చేసుకోవాలి. పాత బ్యాటరీ ఉన్న ఐఫోనులు అకస్మాత్తుగా ఆగిపోకుండా వాటి వేగాన్ని తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో ఆపిల్ అంగీకరించింది. వినియోగదారుల ఆగ్రహం చల్లార్చడానికి 2018లో బ్యాటరీ మార్పిడి రుసుమును అమెరికాలో 79 డాలర్లనుంచి 29 డాలర్లకు తగ్గించింది. 2019 జనవరిలో ఆ సంస్థ అధిపతి టిమ్ కుక్ మదుపరులకు లేఖ వ్రాస్తూ, కొత్త ఫోనుల అమ్మకాలు అనుకున్నంతగా లేకపోవడానికి గల కారణాలలో ఈ చవక బ్యాటరీ మార్పిడిని కూడ పేర్కొన్నాడు. కొత్త ఫోను కావాలనుకున్న ఎందరికో నిజంగా కావలసినది కొత్త బ్యాటరీయేనని ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యం ఏం కావాలి? ఐరోపా సమాఖ్య ఈ నీతిని చట్టంలోకే తెచ్చింది. 2025 జూన్ 20నుంచి అక్కడ మార్కెట్‌లోకి వచ్చే స్మార్ట్‌ఫోనుల బ్యాటరీలు 800 ఆవృత్తుల తరువాత కూడ 80 శాతం శక్తి నిలుపుకోవాలి. విడిభాగాలు ఏడేళ్ళు దొరకాలి.

రిసాలి ఇంటిలో బ్యాటరీ మార్పించాలన్న నిర్ణయం ఇట్టే జరిగిపోయింది. ఉక్కు ఊరివారికి ఆ ఆలోచన సహజం. బ్లాస్ట్ ఫర్నేసు లోపలి ఇటుకల పూత అరిగిపోతే ఫర్నేసును కూల్చివేయరు. దాన్ని చల్లార్చి, లోపలి పూత మార్చి, మళ్ళీ వెలిగిస్తారు. ఆయన పుస్తకంలో ఒక ఫిర్యాదు కొట్టివేశాడు. కాని రెండవది మిగిలి ఉన్నది. మనుమడి మాట తెలియనప్పుడు బ్యాటరీ ఎంతకాలం నిలిస్తే ఏమి లాభం? ఆ ఒక్క కారణంతోనే కొత్త ఫోనువైపు త్రాసు మొగ్గింది.

త్రాసును మళ్ళీ కదిలించినది ఇల్లాలు. ఒక ఆదివారం సంభాషణ ముగిశాక ఆమె నెమ్మదిగా అన్నది: "ఏమండీ, అదే ఫోనులో బాబు మాట నాకు చక్కగా తెలుస్తున్నది కదా!"

ఆయన వెంటనే జవాబివ్వలేదు. నలభయ్యేళ్ళ మిల్లు అనుభవం ఆ మాటలోని బరువును గ్రహించింది. ఒకే పనిముట్టుతో ఒకరికి సరియైన ఫలితం, మరొకరికి తప్పు ఫలితం వస్తుంటే లోపం పనిముట్టులో వెదకకూడదు. ఇల్లాలు మరికొన్ని సంగతులు జ్ఞాపకం చేసింది. కుక్కరు ఎన్ని ఈలలు వేసిందని అడిగితే ఆయన చెప్పలేకపోతున్నాడు. టీవీ శబ్దం పెంచుతున్నాడు. ఎదుటివారు గొణుగుతున్నారని విసుక్కుంటున్నాడు. ఇవేవీ ఫోనులో జరుగుతున్నవి కావు.

లోహపు మోత మధ్య ఏళ్ళ తరబడి పనిచేసినవారికి వినికిడి తగ్గడం వైద్యులెరిగిన విషయమే. రోజుకు ఎనిమిది గంటల పనిలో శబ్దం 90 డెసిబెళ్ళు మించరాదని మన దేశంలో కర్మాగారాల నిబంధనలు చెబుతాయి. అయినా చెవి లోపలి సూక్ష్మమైన రోమకణాలు ఒకసారి నశిస్తే మళ్ళీ మొలవవు. ఈ నష్టం మొదట హెచ్చుస్థాయి ధ్వనులను, ముఖ్యంగా 4,000 హెర్ట్‌జుల పరిసరాలను దెబ్బతీస్తుంది. మాటలో అచ్చులు తక్కువ స్థాయిలో, బలంగా ఉంటాయి; 'త', 'స', 'ఫ' వంటి హల్లులు బలహీనంగా, పై స్థాయిలో ఉంటాయి. కాబట్టి వినికిడి తగ్గినవాడికి అచ్చులు అందుతాయి, హల్లులు జారిపోతాయి. "వినిపిస్తున్నది గాని తెలియడం లేదు" అన్న ఫిర్యాదుకు అర్థం ఇదే. పసివాళ్ళ సన్నని గొంతు మరీ కష్టం. టెక్సాస్‌నుంచి పిల్లవాడు "తాతా" అని పిలుస్తుంటే, రిసాలిలో ఆ ముసలి చెవికి చేరుతున్నది హల్లులు రాలిపోయిన దీర్ఘం మాత్రమే.

చెవి వైద్యుడు మొదట గుబిలి అడ్డుపడలేదని చూసి, పిదప వినికిడి పరీక్ష జరిపించాడు. గదిలో కూర్చోబెట్టి, చెవులకు తొడుగులు పెట్టి, ఒక్కొక్క స్థాయి ధ్వని వినిపించి, విన్నప్పుడల్లా మీట నొక్కమన్నారు. అరగంటకు కాగితంమీద గీత వచ్చింది. మొదట తిన్నగా సాగి, పై స్థాయిల దగ్గర రెండు చెవులకూ కిందికి దిగిపోయింది. ప్రతి పట్టానూ అతిధ్వని తరంగాలతో పరీక్షించి, కంటికి కనబడని పగుళ్ళను పట్టుకున్న విభాగంలో పనిచేసిన మనిషి ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. ప్రపంచంలో అరవయ్యేళ్ళు దాటినవారిలో నాలుగింట ఒక వంతుకు మించి ఇబ్బంది కలిగించేంత వినికిడి లోపంతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో ఎందరు తమ లోపాన్ని ఫోనుమీద, టీవీమీద, కోడలి ఉచ్చారణమీద నెడుతున్నారో!

ఫోనుకోసం తీసి ఉంచిన సొమ్ములో కొంత బ్యాటరీకి, మిగిలినది రెండు వినికిడి యంత్రాలకు వెళ్ళింది. ఈ యంత్రాలమీద వస్తుసేవల పన్ను లేదు. పాత ఐఫోనులోనే వినికిడి యంత్రాలతో నేరుగా అనుసంధానమయ్యే ఏర్పాటు ఉన్నది. తగిన యంత్రాన్ని ఎంచుకుంటే అవతలి గొంతు నడుమ గాలిలో చెదరకుండా సరాసరి చెవికే చేరుతుంది. కొత్త ఫోను పట్టికలో వెదికినది, చేతిలోని పాత ఫోనులో ఎన్నాళ్ళుగానో ఉన్నది.

యంత్రం పెట్టగానే యౌవనం తిరిగి రాదు. మొదటి వారం కాగితం గలగల, గిన్నెల చప్పుడు, తన అడుగుల సవ్వడి ఆయనకు చిరాకు పుట్టించాయి. మెదడు ఆ ధ్వనులకు మళ్ళీ అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుందని వైద్యుడు ముందే చెప్పాడు. మూడవ ఆదివారంనాడు మనుమడు తన బడిలో పెంచుతున్న తాబేలు కథ చెప్పాడు. తాత నడుమ రెండు ప్రశ్నలు వేశాడు. అంతకు ముందు ఆరు నెలలుగా ఆయన తల ఊపడమే గాని, ప్రశ్న వేసి ఎరుగడు. అవతల కుమార్తె ఆ తేడా గమనించి, "కొత్త ఫోను తీసుకున్నారా నాన్నా? మాట బాగా తెలుస్తున్నట్టుందే!" అన్నది. "ఫోను పాతదేనమ్మా" అని ఆయన నవ్వాడు.

దీనివల్ల కొత్త ఫోను ఎవరూ కొనరాదని అర్థం కాదు. భద్రతా మార్పులు ఆగిపోయిన ఫోనుతో బ్యాంకు లావాదేవీలు జరపడం తలుపు తీసి ఉంచి నిద్రించడంవంటిది. అటువంటివారు ఆలస్యం చేయకుండా మార్చుకోవాలి. ఐఫోన్ 11కు కూడ ఒకనాడు ఆ గడువు వస్తుంది. ఫోటోలు తీసి జీవనోపాధి పొందేవారికి మెరుగైన కెమెరా పెట్టుబడి. ఫోను పగిలి, బాగుచేయడానికి ధరలో సగం అయ్యేవారికి కొత్తదే లాభం. ఐతే వారు కూడ కొంచెం ఓర్పు వహిస్తే మేలు. 2024లో ఐఫోన్ 16 వెలువడగానే ముందటి ఏడాది ఐఫోన్ 15 ధర 79,900నుంచి 69,900 రూపాయలకు దిగింది. సంవత్సరం ఆగినవాడికి పదివేలు మిగిలాయి.

కొనదలచినవారు తమను తాము ప్రశ్నించుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఇప్పుడున్న ఫోను చేయలేని పని ఏది? ఆ పని రోజూ ఉన్నదా, ఎప్పుడో ఒకప్పుడా? లోపం ఫోనులోనా, బ్యాటరీలోనా, ఇంటి ఇంటర్నెట్‌లోనా, లేక మరెక్కడైనానా? అదే ఫోను మరొకరి చేతిలో ఎలా పనిచేస్తున్నది? కొత్తది ఎన్నేళ్ళు వాడగలం, రోజుకు ఎంత పడుతుంది? ఆ సొమ్ముకోసం ఇంట్లో ఇంకేదైనా అవసరం నోరు తెరవకుండా కాచుకొని ఉన్నదా?

ఈ చివరి ప్రశ్నను ఏ ప్రకటనా మనచేత వేయించదు. కొత్త వస్తువు మంచిదని నిరూపించడం అమ్మేవాడి పని. అతడు దాన్ని నేర్పుగానే చేస్తాడు. మన కొరత ఎక్కడున్నదో కనిపెట్టడం మాత్రం మన పని. వస్తువును తూచడానికి ముందు ఆ కొరతను కొలిచి చూసుకున్నవాడు, కొన్నా మానినా, నష్టపోడు.